కరెంటు కనెక్షన్ లేకుండా, ఊరికి దూరంగా బతకడం నిజంగా సాధ్యమేనా?

సాధ్యమే. అలా బతికే స్నేహితుడు నాకున్నాడు, వాళ్లింట్లో ఉండి వచ్చాను కూడా. కానీ ఈ ప్రశ్న అడిగే ప్రతివాళ్లూ కరెంటు దగ్గరే ఆగిపోతారు. ముందు అడగాల్సింది నీళ్ల గురించి.

మావాడు బెంగళూరులో ఉద్యోగం మానేసి కదిరి దగ్గర ఎర్రనేల చేనులో ఇల్లు కట్టుకున్నాడు. మట్టి గోడలు, పైన బెంగుళూరు పెంకులు. ఒక సోలార్ ప్యానెల్, ఒక బ్యాటరీ. వాటితోనే రెండు ఎల్ఈడీ బల్బులు వెలుగుతాయి, చిన్న ఫ్యాను తిరుగుతుంది, ఫోన్లు ఛార్జ్ అవుతాయి. ఫ్రిజ్ లేదు. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్యలో ఇసుక పోసి తడుపుతారు, పైన తడిగుడ్డ కప్పుతారు. టమాటాలు, ఆకుకూరలు అందులో బాగానే నిలుస్తాయి. అక్కడి పొడిగాలికి తడి త్వరగా ఆరుతుంది కాబట్టే కుండ చల్లబడుతుంది. ఇదే పని కాకినాడలో చేస్తే గాలిలో తేమ వల్ల అంత చల్లబడదు. వీడియోలు చేసేవాళ్లు ఈ ముక్క చెప్పకుండా ఎక్కడైనా పనిచేస్తుందన్నట్టు చూపిస్తారు, నాకు అదే కోపం.

నేను వెళ్లింది సెప్టెంబరులో. ఆ వైపు వానలు గట్టిగా పడేది అప్పుడే. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే కురిసేస్తాయి, తూర్పున తుఫాను వస్తే ఆ వాన అక్కడికి చేరేసరికి నీరసిస్తుంది. అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. చీకటి పడ్డాక రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి ముందు పెట్టుకుని కూర్చున్నాం. పెంకుల మీద టపటపా చినుకులు మొదలయ్యాయి. నేను పళ్లెం లోపలికి జరుపుకుంటుంటే మావాడూ, వాడి భార్యా (నాకు వదిన) ఎంగిలి చేతులతోనే బయటికి పరుగెత్తారు.

“ఏం బ్బా, తర్వాత తిందువులే, టార్చి పట్టుకురా!” అని మావాడి కేక.

చూరు కింద రేకు కాలువ, దాన్నుంచి తొట్టిలోకి పైపు. మొదట పడే వాన తొట్టిలోకి పోకూడదు. పెంకుల మీది దుమ్ము, పిట్టల రెట్టలు అన్నీ అందులోనే వస్తాయి. వదిన పైపును పక్కకి తిప్పి, కారే నీళ్లు చెంబుతో పట్టి నా టార్చి వెలుగులో చూసింది. మట్టిరంగు. పారబోసి మళ్లీ పట్టింది. వాన ఎక్కడ ఆగిపోతుందోనని నాకు టెన్షన్, ఆమెకేమో తొందరే లేదు. నీళ్లు తేటపడ్డాకే “ఇంక వదులు” అంది. మావాడు పైపు మూతికి గుడ్డ కట్టి తొట్టిలోకి తిప్పాడు. ముగ్గురం తడిసి ముద్దయ్యాం.

వాన వెలిశాక వాడు తొట్టిలోకి కర్ర దించి లెక్క చెప్పాడు. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. వాళ్ల కప్పు 50 చదరపు మీటర్లు. ఆ రాత్రి వెయ్యి లీటర్లు చేరాయి. ఇద్దరికి తాగడానికి, వంటకు కలిపి రోజుకు పది లీటర్లు చాలు, అంటే మూడు నెలలకు ఢోకా లేదు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని సర్కారు లెక్క, పల్లెల్లో ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే జల్ జీవన్ మిషన్ పథకం లెక్క 55. ఇక్కడ మంచినీళ్లకు తలకు ఐదు లీటర్లు! చల్లారిన సంగటి ఆ రాత్రి ఎంత ఇష్టంగా తిన్నానో.

మరి స్నానాలకు, బట్టలకు? పక్క చేను రైతు బావి. ఎవరి మీదా ఆధారపడకుండా బతకడం అని చెప్పేవాళ్ల మాట నేను ఒప్పుకోను. మావాడికి తేలు కుట్టినప్పుడు బండి మీద కదిరికి తీసుకెళ్లిందీ ఆ రైతే. కొర్రలు పండితే మొదటి బస్తా ఆయనింటికే పోతుంది. ఊరికి దూరంగా ఉన్నవాడికే పొరుగువాడు ఎక్కువ కావాలి.

ఊరి బయట ఫామ్‌హౌస్ కట్టి, వెయ్యి అడుగుల బోరు వేసి, లాన్ పెంచి, పైన సోలార్ పెట్టుకుని ప్రకృతి జీవనం అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ బోరు దెబ్బకు ఎండేది ఇలాంటి రైతు బావే. బోర్లకు అనుమతి కావాలని వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం 2002లోనే వచ్చింది, పట్టించుకునేదెవరు?

ఇంకో మాట కూడా అడగండి. మిక్సీ లేని ఇంట్లో పచ్చడి నూరేదెవరు? మగవాడి ఆదర్శం ఆడవాళ్ల చేతుల మీద నడిచే ఇళ్లు నేను చూశాను. ఇక్కడ రోలు మావాడిది, పొయ్యి వదినది, కట్టెలు కొట్టేది మళ్లీ మావాడే. అది లేకపోతే వాళ్ల జీవితాన్ని మెచ్చుకుంటూ ఇంత రాసేవాణ్ని కాదు.

మీరు నిజంగా స్థలం చూడాలనుకుంటే వానాకాలం పచ్చదనంలో కాదు, మే నెలలో వెళ్లండి. చుట్టుపక్కల బావుల్లో అప్పుడు నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో చూడండి. పక్క చేనువాళ్లతో కూర్చుని మాట్లాడండి. సోలార్ ప్యానెల్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.