క్లిప్పులకు సగం ఇస్తామంటే నిజంగా సగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయికి 11 ఏళ్లు. పైపళ్లు బాగా ముందుకొచ్చాయి, క్లిప్పులు వేయాలి, రెండేళ్లు పడుతుందని ఆర్థోడాంటిస్ట్ చెప్పారు. మావారి ఆఫీసు ఇచ్చిన డెంటల్ పాలసీలో ఆర్థోడాంటిక్స్‌కి, అంటే ఈ క్లిప్పుల వైద్యానికి, 50 శాతం అని ఉంది. అంటే సగం డబ్బు వాళ్లే కడతారా? ఆయన త్వరలో ఉద్యోగం మారాలనుకుంటున్నారు. ఇప్పుడే మొదలుపెట్టమంటారా, ఆగమంటారా?

జవాబు: ఆ 50 శాతం చూసి నిశ్చింతగా ఉండకండి. పాలసీ కాగితాల్లో ఆర్థోడాంటిక్స్ అన్న చోట లైఫ్‌టైమ్ మాక్సిమమ్ అని ఇంకో అంకె ఉంటుంది, మీకు వచ్చేది ఎంతో తేల్చేది చాలాసార్లు అదే. మొత్తం బిల్లు 100 అనుకోండి, సగమంటే 50 రావాలి కదా, కానీ ఆ పరిమితి 30 అయితే వాళ్లు 30 ఇచ్చి ఆపేస్తారు, మిగతా 70 మీరే కట్టుకోవాలి. పిప్పిపళ్లకి, క్లీనింగ్‌కి ఉండే పరిమితి ఏటా కొత్తగా మొదలవుతుంది. ఇది అలా కాదు. ఒక మనిషికి ఆ పాలసీలో ఒక్కసారే, వాడేస్తే అయిపోయినట్టే. ఎనిమిదో తొమ్మిదో ఏట దవడ సరిచేయడానికి తొలి దశ వైద్యం చేయించిన పిల్లలకి, తీరా అన్ని పళ్లకీ క్లిప్పులు వేసే వయసు వచ్చేసరికి అందులో ఏమీ మిగలకపోవచ్చు. ఈ సంగతి మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే ఎంతమంది తల్లిదండ్రులకి టెన్షన్ తప్పేదో.

ఇక ఉద్యోగం సంగతి, మీ విషయంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. చాలా పాలసీలు క్లిప్పుల డబ్బు ఒకేసారి ఇవ్వవు, క్లిప్పులు వేసిన రోజు కొంత ఇచ్చి, మిగతాది వైద్యం సాగినన్నాళ్లూ నెలనెలా లేదా మూణ్నెల్లకోసారి ఇస్తుంటాయి. మధ్యలో పాలసీ ఆగిపోతే ఆ వాయిదాలూ ఆగిపోతాయి. కొత్త ఆఫీసు పాలసీవాళ్లు, ఇది మా దగ్గర మొదలైన వైద్యం కాదు అని పూర్తిగా కాదనొచ్చు, లేదంటే మిగిలిన నెలలకి మాత్రమే లెక్కగట్టి ఇవ్వొచ్చు. పైగా కొన్ని పాలసీల్లో ఏడాది దాకా, ఇంకొన్నిట్లో అంతకంటే ఎక్కువ కూడా, వెయిటింగ్ పీరియడ్ (చేరాక క్లిప్పులకి డబ్బు రాని కాలం) ఉంటుంది. కాబట్టి ఉద్యోగం మారడం ఖాయమైతే, ఆ కొత్త పాలసీలో నడుస్తున్న వైద్యానికి ఇస్తారా, ఇస్తే ఎంత, వెయిటింగ్ పీరియడ్ ఎన్నాళ్లు అన్న ఈ మూడూ చూశాకే క్లిప్పులు వేయించండి అంటాను. అయితే ఎన్నాళ్లు ఆగొచ్చన్నది మాత్రం డాక్టరు చెప్పాలి, ఎందుకంటే ముందుకొచ్చిన పళ్లకి పడినప్పుడు దెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువ, దవడ ఎదిగే వయసులోనే చేస్తే బాగా పనిచేసే వైద్యాలూ కొన్ని ఉన్నాయి.

వేయించే ముందు ఒక్క పని తప్పనిసరి. క్లినిక్ వాళ్ల చేత ఎక్స్‌రేలు, ఫొటోలు, వైద్యం ప్లాను ఇన్సూరెన్స్ కంపెనీకి పంపించి, ఎంత ఇస్తారో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోన్లో చెప్పిన మాట రేపు పనికిరాదు. (ఆ కాగితం కూడా పాలసీ నడుస్తున్నంతవరకే.) క్లిప్పులకి ముందు పళ్లు తీయాల్సి వస్తే అది వేరే పద్దు కింద రావచ్చు, అడగండి. పళ్లు మళ్లీ జరగకుండా చివర్లో పెట్టుకునే రిటైనర్ క్లినిక్ ప్యాకేజీలో ఉందో లేదో కూడా అడగండి, పిల్లలు దాన్ని పోగొట్టుకుంటే రెండోదానికి సాధారణంగా ఇన్సూరెన్స్ రాదు.

ప్రశ్న: నా వయసు 34. క్లిప్పుల కోసం క్లెయిమ్ పెడితే తిరస్కరించారు. మళ్లీ అడిగితే ఉపయోగం ఉంటుందా?

జవాబు: తిరస్కరణ ఉత్తరంలో కారణం ఏం రాశారో చూడండి. చాలా పాలసీలు ఆర్థోడాంటిక్స్‌ని 18, 19 ఏళ్ల లోపు వారికే ఇస్తాయి, మీది అదే అయితే అప్పీలు మీద కాలం వృథా చేసుకోవద్దు. అలా కాకుండా, ఇది అందం కోసం చేయించుకునేది, అవసరం కాదు అని రాసుంటే మాత్రం వదలకండి. పళ్లు ఎంత వంకరగా ఉన్నాయన్నది చూసి చెప్పేది మాత్రమే కాదు, కొలిచి చెప్పొచ్చు కూడా. క్లిప్పుల వైద్యం ఎంత అవసరమో చెప్పే ఐఓటీఎన్ అనే కొలమానంలో 1 నుంచి 5 దాకా గ్రేడులున్నాయి. పైపళ్లు కిందిపళ్ల కంటే 6 మిల్లీమీటర్లకు మించి ముందుకుంటే 4వ గ్రేడు, 9 దాటితే 5వ గ్రేడు, అంటే వైద్యం కచ్చితంగా అవసరమని. మీ పాలసీ ఏ కొలమానం పాటిస్తుందో కనుక్కుని, దాని ప్రకారం ఆర్థోడాంటిస్ట్ చేత కొలతలతో ఉత్తరం రాయించండి, నమలడంలో ఇబ్బంది, పళ్లు గుచ్చుకుని చిగుళ్లకి దెబ్బ తగలడం లాంటివి ఉంటే అవీ రాయించండి. దవడ ఆపరేషన్ కూడా కావాలన్నారా? అయితే దాన్ని డెంటల్‌లో కాదు, హెల్త్ పాలసీలో అడిగి చూడండి, అక్కడ దారి దొరికే అవకాశం ఉంది. అప్పీలుకి గడువు ఆ ఉత్తరంలోనే ఉంటుంది, ముందు ఆ తేదీ చూసుకోండి.