తగ్గించాల్సింది పాలు కాదమ్మా

గుంటూరు జిల్లా నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నారు. భర్త ఒక ప్రైవేటు కంపెనీలో స్టోర్స్ చూస్తారు, జీతం 38,000. ఒకటో తేదీన జీతం మొత్తం భార్య చేతికిచ్చి, పెట్రోలుకూ టీకీ మాత్రం అడిగి తీసుకునే మనిషి. మూడో తరగతి చదువుతున్న ఎనిమిదేళ్ల పాప ఉంది. "మా ఆవిడ మంచి పొదుపరి" అని ఆయన అందరికీ చెప్పుకుంటారు. జూన్‌లో పాపను పెద్ద స్కూల్లో చేర్పిద్దాం, నువ్వు దాచిన లక్షా ఎనభై వేలూ బయటికి తియ్యి అని పోయిన వారం అన్నారు. ఆ డబ్బు లేదు. ఉన్నది 11,000. మిగతాదంతా నాలుగేళ్లుగా పుట్టింటికి వెళ్లిపోయింది. తమ్ముడి సెల్‌ఫోన్ రిపేరు షాపుకు కొంత, చికెన్ సెంటరుకు కొంత, ఇప్పుడు క్యాబ్ నడపడానికి ఫైనాన్సులో తీసుకున్న కారు వాయిదాలకు. అడిగింది ప్రతిసారీ అమ్మే. లక్ష రూపాయల చీటీని నాలుగో నెలలోనే పాడి ఆ డబ్బూ ఇచ్చేశారు. గాజులు తాకట్టులో ఉన్నాయి, భర్తకు మాత్రం లాకర్లో పెట్టానని చెప్పారు. ఈమె అడిగింది ఒక్కటే: "పాలు, కూరలు, గ్యాస్, కరెంటు అన్నిట్లో తగ్గించాను. రోజువారీ ఖర్చుల్లో ఇంకా ఎక్కడెక్కడ మిగల్చవచ్చో చెబితే జూన్‌లోగా ఆ లోటు పూడ్చేస్తాను. ఇంట్లో గొడవ లేకుండా బయటపడతాను."

అమ్మా, మీరు అడిగినదానికి జవాబు ముందే చెప్పేస్తాను. కుదరదు. లోటు 1,69,000. జూన్‌కు ఆరు నెలలుంది. అంటే నెలకు 28,000 మిగలాలి. జీతంలో అది పక్కన పెడితే చేతిలో ఉండేది 10,000, అందులో 9,000 ఇంటద్దె అని మీరే రాశారు. మిగిలిన వెయ్యితో ముగ్గురు మనుషులు నెలంతా బతకలేరు. కాబట్టి ఆ ఆలోచన ఇక్కడితో వదిలేయండి.

పైగా పొదుపు గురించి మీకు నేర్పాల్సింది నా దగ్గర ఏమీ లేదు. రైతుబజారు కట్టేసే వేళకు వెళ్లి కూరలు తెస్తున్నారు. కందిపప్పు ముందే నానబెట్టి, కుక్కర్ విజిల్ రాగానే మంట తగ్గించి సిలిండరు నెలన్నర లాగుతున్నారు. 75 వాట్ల పాత ఫ్యాను తీసేసి 30 వాట్లతో తిరిగే కొత్త రకం ఫ్యాను పెట్టించారు. చింతపండు, ఎండుమిర్చి కొత్తపంట వచ్చినప్పుడే ఏడాదికి సరిపడా కొంటున్నారు. ఇవన్నీ మంచి అలవాట్లు, మానకండి. మీ పాప కూడా చూసి నేర్చుకుంటుంది.

కానీ అదే పేజీలో ఇంకో రెండు సంగతులు కూడా వీటి మధ్యలో కలిపి రాశారు. లీటరు పాలు అర లీటరు చేశారు. థైరాయిడ్ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. వీటిని ఫ్యానుతోనూ కుక్కరుతోనూ కలిపి పొదుపు అని రాయగలిగారంటే మీరు ఎంత దూరం వచ్చేశారో నాకు భయం వేసింది. ఆ మాత్రలో ఉండే థైరాక్సిన్ ఖరీదైన మందు కాదు, జన ఔషధి దుకాణాల్లో ఇంకా తక్కువకు దొరుకుతుంది. దాన్ని సగం మానేస్తే నీరసం, ఒళ్లు బరువు, మనసు దిగాలు అన్నీ వస్తాయి. ఈ మధ్య ఊరికే ఏడుపొస్తోందని రాశారు, దానికి ఇదీ ఒక కారణం కావచ్చు. మాత్ర రేపటి నుంచి రోజూ వేసుకోండి. ఇన్నాళ్లు ఎలా వేసుకున్నారో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పి పరీక్ష చేయించుకోండి. పాలు ఎల్లుండి నుంచి మళ్లీ లీటరు వేయించండి.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఉత్తరం చదివినవాళ్లు చాలామంది మీ తమ్ముణ్ని తిడతారు. నేను తిట్టను. నాలుగు పేజీల్లో అతను ఒక్కసారైనా ఫోన్ చేసి అక్కా డబ్బివ్వు అన్నట్టు లేదు. ప్రతి నెలా ఒకటి, రెండు తేదీల్లో ఫోన్ చేసేది మీ అమ్మగారు. "నేను అడిగానని వాడితో అనకు, నామోషీ పడతాడు" అనేది ఆవిడే. ఆ డబ్బు మేనకోడలి పాల దగ్గర తగ్గించి పంపినదని అతనికి తెలుసో లేదో మీకే తెలియదు. ముప్పై ఏళ్ల మనిషి ఒక షాపు పోయాక ఇంకో షాపు ఎందుకు పెట్టగలుగుతున్నాడంటే, మొదటిదాని నష్టం అతని ఒంటికి తగలనివ్వకుండా అమ్మ అడ్డం పడుతోంది కాబట్టి. అడ్డం పడటానికి ఆవిడ దగ్గర డబ్బు లేదు. మీ దగ్గర ఉంది. మీ కష్టమంతా మీకూ మీ అమ్మకూ మధ్య ఉన్నది, దాన్ని మీరు వంటింట్లో వెతుకుతున్నారు.

ఆవిడ మాటకు మీరు ఎందుకు లొంగిపోతారో కూడా రాశారు. "నీ పెళ్లికి ఎకరం అమ్మాం, అది వాడికి రావాల్సింది" అంటారు. అక్కడితో మీకు నోరు రాదు.

ఈ మాట దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. మన ఇళ్లలో ఎంతమంది ఆడపిల్లలు ఈ ఒక్క మాటను మోసుకుంటూ జీవితమంతా అప్పుపడ్డవాళ్లలా బతుకుతున్నారో నాకు వచ్చే ఉత్తరాలే సాక్ష్యం. కట్నం ఇవ్వడం, తీసుకోవడం నేరమని 1961లోనే చట్టం వచ్చింది. అయినా పెద్దవాళ్లు కూర్చుని బేరం మాట్లాడుకున్నారు. మీకప్పుడు ఇరవై రెండేళ్లు, మిమ్మల్ని ఎవరూ అడగలేదు. ఆ ఎకరం డబ్బు మీ ఆడపడుచు పెళ్లికి పోయిందని మీరే రాశారు. అందులో ఒక్క రూపాయి మీ చేతికి రాలేదు. మీరు పుచ్చుకోని దానికి మీరు బాకీ ఎలా అవుతారు?

అది "వాడికి రావాల్సింది" ఎలా అయిందో కూడా చూడండి. అది మీ తాతగారి నుంచి వచ్చిన భూమి. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి మన దగ్గర అమల్లో ఉంది. 2005లో అదే హక్కు దేశమంతటికీ వచ్చింది. మీ పెళ్లయింది 2013లో. ఇక ఉత్తరం చివర మీరు ఒక్క వాక్యం రాసి వదిలేశారు: నాన్నగారు పోయాక మిగిలిన రెండెకరాలు తమ్ముడి పేరున రాయించేటప్పుడు అమ్మ పిలిస్తే రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి సంతకం పెట్టానని. మీకు అందులో ఏమీ లేకపోతే ఆ సంతకం ఎందుకు అడిగారమ్మా? మీరు కోర్టుకు వెళ్లాలని నేను అనడం లేదు. తోడబుట్టినవాడికి ఇష్టంగానే ఇచ్చారు, బాగుండనివ్వండి. కానీ ఆ సంతకంతో పుట్టింటి పాత లెక్క ఏదైనా ఉంటే అది ఎప్పుడో చెల్లిపోయింది. ఈసారి అమ్మ ఎకరం మాట ఎత్తితే మీరు రెండెకరాల మాట ఎత్తండి. కోపంగా అక్కర్లేదు, మామూలుగా అనండి చాలు.

అమ్మను వదిలేయమని మాత్రం నేను చెప్పను. కన్నవాళ్లను చూసుకోవాల్సింది కొడుకే అన్న మాట నాకు మొదటినుంచీ నచ్చదు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం కూడా కొడుకునూ కూతురినీ ఒకేలా బాధ్యుల్ని చేసింది. ఆవిడకు బీపీ, షుగరు ఉన్నాయన్నారు. ఆ మందుల ఖర్చు మీరు పెట్టుకోండి, అది మీ ధర్మం. భర్తకు చెప్పి, ప్రతి నెలా అంతే అని ఒక లెక్క పెట్టుకుని పంపండి. వీలైతే మందులే కొని పంపండి. ఆరోగ్యంగా తిరుగుతున్న తమ్ముడి కారు వాయిదా మీ ధర్మంలోకి రాదు. అది కట్టలేకపోతే ఫైనాన్సువాళ్లు బండి తీసుకెళ్తారు. తీసుకెళ్లనివ్వండి. అతను ఇంకొకరి బండి నడిపి జీతం తెచ్చుకుంటాడు, అందులో తప్పేమీ లేదు.

మీరు ముందు మాట్లాడాల్సింది భర్తతో. ఈ ఆదివారమే. వాయిదా వేసే వీలు కూడా లేదు, ఎందుకంటే తాకట్టు గడువు మార్చి అని రాశారు. గడువు దాటితే నోటీసు ఇంటికి వస్తుంది, ఆ తర్వాత గాజులు వేలానికి వెళ్తాయి. ఆ కాగితం పోస్టులో ఆయన చేతికి వెళ్లి, అప్పుడు ఆయన మీ ముఖం చూస్తే, మీరు చెప్పుకోవడానికి ఇంకేమీ మిగలదు. మీ నోటితో వింటే కోప్పడతారు. కోప్పడాలి కూడా, జీతం మొత్తం చేతిలో పెట్టిన మనిషికి ఆ హక్కు ఉంది. వారం, పది రోజులు ముభావంగా ఉండవచ్చు. భరించండి. చెయ్యి చేసుకునే మనిషి కాదు, తాగే మనిషి కాదు, పాపంటే ప్రాణం అని మీరే రాశారు కాబట్టే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

పాపను పక్కింటికి ఆడుకోవడానికి పంపి కూర్చోండి. చీటీ పుస్తకం, తాకట్టు రసీదు, బ్యాంకు పాస్‌బుక్ మూడూ ముందు పెట్టండి. మొత్తం ఒకేసారి చెప్పండి. కొంత ఇప్పుడు, కొంత తర్వాత అని దాచుకుంటే రెండోసారి బయటపడినప్పుడు మొదట చెప్పింది కూడా నమ్మరు. "అమ్మ బలవంతపెట్టింది" అనకండి. "నేనిచ్చాను, మీకు చెప్పకుండా ఇచ్చాను" అనండి. అల్లుడికీ అత్తగారికీ మధ్య రేపు మాటలుండాలి కదా.

అదే కారణంతో, అమ్మకు వద్దని చెప్పేటప్పుడు ఆయన్ని అడ్డం పెట్టుకోకండి. "ఆయన ఒప్పుకోవడం లేదమ్మా" అనడం మనకు చాలా తేలిక. కాని మర్నాటికల్లా మీ పుట్టింట్లో ఆయన పిసినారి, పెళ్లాన్ని నోరెత్తనివ్వని మనిషి అయిపోతారు. ఇన్నేళ్లు ఒక్క మాట అనకుండా నమ్మినందుకు ఆయనకు దక్కాల్సింది అదా? "నేనివ్వలేనమ్మా, నా కూతురికి కావాలి" అని మీ మాటగా చెప్పండి. ఆవిడ ఏడుస్తారు. మాట్లాడటం మానేస్తారు. పండక్కి పిలవకపోవచ్చు కూడా. మందులు మాత్రం టైముకు పంపుతూ ఉండండి.

ఇక డబ్బు సంగతి. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో రోశమ్మ, ఆ ఊరి ఆడవాళ్లు ముందు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం వచ్చింది. రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు ఆ జిల్లాలో బలపడింది దాని తర్వాతే. రూపాయి పోయే చోటు మూసుకున్నాకే వాళ్లు రూపాయి దాచారు. మీరు ఇన్నాళ్లూ తలకిందులుగా చేశారు.

పుట్టింటికి వెళ్లే అయిదారు వేలు ఆగితే మొదట గాజులు విడిపించండి. ఇప్పుడు మీరు వడ్డీ మాత్రమే కడుతున్నారు, అసలు కదలడం లేదు. ఆ వడ్డీ కంటే ఎక్కువ రాబడి ఇచ్చే పొదుపు పథకం ఏదీ మీకు దొరకదు, కాబట్టి గాజులు ఇంటికి వచ్చేదాకా కొత్తగా ఏమీ మొదలుపెట్టకండి. మార్చిలోగా అంతా కట్టలేకపోతే కొంత అసలు కట్టి గడువు పొడిగించమని ఇద్దరూ కలిసి వెళ్లి అడగండి. చీటీ పాడేసుకున్నారు కాబట్టి మిగిలిన వాయిదాలు కట్టాల్సిందే. అది అయిపోయాక మళ్లీ చీటీ వద్దు. నాలుగో నెలలో పాడితే ఎంత తగ్గించుకుని తీసుకోవాల్సి వచ్చిందో మీకు తెలుసు.

ఆ తర్వాత పోస్టాఫీసులో ఇద్దరి పేరున ఆర్డీ, అంటే నెలనెలా కొంత కట్టే ఖాతా, తెరవండి. నెలకు 100 రూపాయల నుంచి కట్టవచ్చు, అయిదేళ్లు. పాప పేరున సుకన్య సమృద్ధి ఖాతా కూడా తెరవండి. పదేళ్లు నిండేలోపే తెరవాలి, మీకు ఇంకా వ్యవధి ఉంది. ఏడాదికి 250 రూపాయలైనా కట్టాలి, 15 ఏళ్లు కట్టాలి. పాపకు 18 ఏళ్లు వచ్చేదాకా, లేదా పదో తరగతి పూర్తయ్యేదాకా మధ్యలో తీయడం కుదరదు. ఆ తర్వాత కూడా చదువు కోసం సగం వరకే. నేను దీన్ని చెప్పడానికి వడ్డీ కంటే పెద్ద కారణం అదే. ఎవరు ఫోన్ చేసి అడిగినా మీ చేతిలో లేని డబ్బు అది.

స్కూలు మార్పు ఈ జూన్‌కు వద్దు. ఇప్పుడున్న స్కూల్లో పాప బాగా చదువుతోందని రాశారు, ఇంకో ఏడాది అక్కడే చదివితే నష్టం లేదు. ఆ సంగతి మాత్రం మీరొక్కరే నిర్ణయించకండి. లెక్కలన్నీ ఆయన ముందు పెట్టాక, ఆయన కోపం కాస్త తగ్గాక, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.