ఐటీఐ బల్ల దగ్గర ఈగలు

ప్రశ్న: గాజువాకలో హైస్కూల్ లెక్కల మాస్టారిని. మా బడి కెరీర్ మేళాలో ఇంజినీరింగ్ కాలేజీల దగ్గర తోపులాట, ఐటీఐ బల్ల దగ్గర ఈగలు. పదో తరగతి పిల్లలను అటు ఎలా తిప్పాలి?

జవాబు: ముందు ఐటీఐ బల్ల మీద కరపత్రాలుంటే తీసేయండి మాస్టారూ. ఐటీఐలో ఎలక్ట్రికల్ చెప్పి రిటైరైనవాణ్ణి, నా మాట వినండి: చేతికి పని ఇవ్వాలి. చెక్క మీద రెండు టూ-వే స్విచ్చులు, చిన్న బల్బు, బ్యాటరీ పెట్టండి. మేడమెట్ల కింద వేసి పైన ఆర్పే లైటు ఉంటుందే, అది కలపమనండి. స్విచ్చుల మధ్య రెండు తీగలు పోవాలి. ఒక్కటే కలిపితే లైటు ఒకసారి వెలిగి ఇంకోసారి మొరాయిస్తుంది. ఇక పిల్లాడు బల్ల వదలడు!

అసలు టెన్షన్ అమ్మానాన్నలది, వాళ్లనూ పిలవండి. వెల్డర్ కోర్సు ఏడాది, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు. తర్వాత అప్రెంటిస్‌గా చేరితే స్టైపెండ్ వస్తుంది.

కంచరపాలెం ఐటీఐలో చదివి షిప్‌యార్డులోనో స్టీల్‌ప్లాంటులోనో చేస్తున్నవాళ్లు మీ పాత విద్యార్థుల్లో ఉండకపోరు. వాళ్లను కూర్చోబెట్టండి, అమ్మాయైతే మరీ మంచిది. మైకు మాత్రం ఇవ్వకండి. జీతమెంతని ఏ తండ్రైనా అడిగితే దాచకుండా చెప్పమనండి, కాంట్రాక్టు పనిలో మొదట్లో తక్కువేనని కూడా.