ట్యాంకులో నీళ్లు చేరితే

ప్రశ్న: సెస్నా 172 ఎస్ అనే చిన్న విమానం మీద శిక్షణలో ఉన్నాను. ఇంధనంలో నీళ్లుంటే రన్‌అప్‌లో (టేకాఫ్‌కు ముందు నేల మీద చేసే ఇంజను పరీక్షలో) బాగా తిరిగిన ఇంజను టేకాఫ్ అయ్యాకే ఎందుకు ఆగుతుంది?

జవాబు: నీరు ఆవ్‌గ్యాస్ (ఈ విమానం వాడే పెట్రోలు) కంటే బరువు, అడుగున చేరుతుంది. రన్‌అప్ అప్పటికే పైపుల్లో ఉన్న మంచి ఇంధనంతో గడిచిపోవచ్చు. ముక్కు పైకి లేచాక అడుగు నీరు కదిలి పైపులోకి వెళ్తుంది.

రోజూ మొదటి ఫ్లైటుకు ముందు, ఇంధనం నింపిన ప్రతిసారీ పారదర్శక కప్పులోకి శాంపిల్ తీయండి. డ్రెయిన్లు (శాంపిల్ తీసే చోట్లు) 13: ఒక్కో రెక్క కింద 5, ఇంజను వైపు అడుగున 3. వంగి చూడాల్సిన ఆ మూడింటినీ దయచేసి వదలొద్దు. 100 ఎల్‌ఎల్ రకం ఆవ్‌గ్యాస్ నీలంగా ఉండాలి. కప్పు నిండా నీరే పడితే నీటికీ ఇంధనానికీ మధ్య గీత కనిపించదు, శుభ్రంగానే ఉందనిపిస్తుంది. అసలు మోసం అక్కడే. తెల్ల కాగితం ముందు పట్టి రంగు చూడండి, వాసన చూడండి. జెట్ ఇంధనం కలిసిందని అనుమానమొస్తే కాగితంపై చుక్క వేయండి. ఆవ్‌గ్యాస్ ఆరిపోతుంది, జెట్ ఇంధనం జిడ్డు మరక మిగులుస్తుంది.

నీరు వస్తే ఆగేదాకా తీసి, రెక్కలు ఊపి, తోక కిందికి నొక్కి మళ్లీ తీయండి. ఇంకా వస్తుంటే ఎగరొద్దు, మెకానిక్‌కి అప్పగించండి.

టేకాఫ్ కాగానే ఇంజను ఆగితే వెంటనే ముక్కు దించి, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలు) ఎత్తి ఉంటే 70 నాట్ల వేగం పట్టుకుని, దాదాపు ఎదురుగానే దిగండి. ఎత్తు లేకుండా రన్‌వేకి వెనక్కి తిరగొద్దు.