చిటికెన వేలికి తిమ్మిరి ఎందుకు? కార్పల్ టన్నెలేనా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. వడ్రంగి పని చేస్తాను. నాలుగు నెలలుగా కుడి చేతి చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కుతున్నాయి. పట్టు కూడా తగ్గింది. కార్పల్ టన్నెల్ (మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం) అన్నారు. మణికట్టుకు పట్టీ కట్టుకున్నా గుణం లేదు. ఆపరేషన్ చేయించుకోవాలా?

జవాబు: ఇప్పుడే ఆపరేషన్ మాట వద్దండీ. ముందు ఏ నరం ఎక్కడ నొక్కుకుపోతోందో తేలాలి. కార్పల్ టన్నెల్‌లో దెబ్బతినేది మీడియన్ నరం. ఆ తిమ్మిరి బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలిలో సగం వరకే వస్తుంది. చిటికెన వేలికి వెళ్లేది అల్నార్ నరం. మీ లక్షణాలు దానివే అనిపిస్తోంది.

ఈ నరం ఎక్కువగా మోచేతి దగ్గర నొక్కుకుంటుంది. మణికట్టు దగ్గర నొక్కుకోవడం అరుదు. ఒకసారి చేతి వెనక వైపు, చిటికెన వేలి కింద చర్మాన్ని తాకి చూడండి. అక్కడా మొద్దుబారితే మోచేతిని అనుమానించాలి. స్పర్శ మామూలుగా ఉంటే సమస్య మణికట్టులో ఉండొచ్చు. ఆ చర్మానికి వెళ్లే కొమ్మ మణికట్టు చేరకముందే విడిపోతుంది కాబట్టి ఈ తేడా తెలుస్తుంది. అయితే ఇది సూచన మాత్రమే, పరీక్షలకు బదులు కాదు.

మణికట్టులో గాంగ్లియాన్ అనే నీటి గడ్డ నరాన్ని నొక్కుతుండొచ్చు. కొవ్వు గడ్డో, పుట్టుకతో వచ్చిన అదనపు కండరమో కూడా కారణం కావచ్చు. మీ విషయంలో మాత్రం నా ఆలోచన మీ పని మీదికే పోతోంది. చెక్క అతుకులు బిగించడానికి అరచేత్తో గట్టిగా కొడుతుంటారా? చిటికెన వేలి వైపు అరచేతి దిగువన దెబ్బలు పడుతూ ఉంటే అక్కడి రక్తనాళం ఉబ్బవచ్చు, లేదా లోపల రక్తం గడ్డకట్టవచ్చు. ఆ ఉబ్బు పక్కనున్న నరాన్ని నొక్కుతుంది. చలికి వేళ్లు పాలిపోవడం, నీలంగా మారడం, నొప్పి ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. గడ్డకట్టిన రక్తం ముక్కలు వేళ్లలోకి జారితే వేళ్లకే ముప్పు. పొగ తాగే అలవాటుంటే ఇవాళే మానేయండి. అరచేతికి బదులు సుత్తి వాడండి.

న్యూరాలజిస్టునో, చేతి సర్జన్‌నో కలవండి. నరాల పరీక్ష, మణికట్టుకు డాప్లర్‌తో (రక్త ప్రవాహాన్ని చూపేది) అల్ట్రాసౌండ్ చేస్తారు. అవసరమైతే ఎమ్మారై తీస్తారు. షుగర్, థైరాయిడ్, మెడ నరాలు కూడా చూడాలి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండ కరిగి గుంట పడుతుంటే వారాల తరబడి ఆగకండి, పోయిన కండ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.