తగ్గిన 12 కిలోలు ఎందుకు తిరిగొచ్చాయి?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది గాజువాక. నాకు 42 ఏళ్లు, ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. రెండేళ్ల కిందట మా చెల్లెలి కూతురి పెళ్లికని అన్నం పూర్తిగా మానేసి, రాత్రిళ్లు పళ్లరసంతో సరిపెట్టుకుని మూడు నెలల్లో 78 నుంచి 66 కిలోలకు వచ్చాను. పెళ్లిలో అందరూ మెచ్చుకున్నారు. ఏడాదిన్నర తిరిగేసరికి 80 అయ్యాను. ఇప్పుడు నలుగురిలోకి వెళ్లాలంటే సిగ్గుగా ఉంటోంది. మళ్లీ అదే డైట్ మొదలుపెట్టమంటారా?

జవాబు: వద్దమ్మా. ఆ డైట్ జోలికి మళ్లీ వెళ్లొద్దు. ఇంకో మాట, బరువు తిరిగొచ్చింది మీకు పట్టుదల లేక కాదు. మూడు నెలలు అన్నం ముట్టని మనిషికి పట్టుదల లేదని ఎవరనగలరు? కడుపు మాడ్చుకుంటే ఒంటికి అది కరువులాగే అనిపిస్తుంది, ఇంట్లో పెళ్లి ఉందని దానికేం తెలుసు? ఆకలి పుట్టించే హార్మోన్ పెరుగుతుంది, ఇక చాలని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది, ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తి కూడా తగ్గిపోతుంది. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. తగ్గిన బరువులో చాలాభాగం తిరిగొచ్చినా, వాళ్ల ఒంట్లో ఆ ఖర్చు ఉండాల్సినదాని కంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువగానే ఉందట! పైగా గబగబా తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది.

అందుకని ఈసారి 66 అంకె పక్కన పెట్టేయండి. నాలుగు కిలోలు చాలు, అంటే మీ బరువులో నూటికి అయిదు వంతులు, ఆ మాత్రం తగ్గినా బీపీకి, షుగరుకి మేలే. వారానికి అరకిలోకి మించకుండా మూడు నెలలు తీసుకోండి. 76కి రాగానే ఆగిపోండి. రెండు నెలలు అక్కడే ఉండటం నేర్చుకోండి, నాకైతే తగ్గడం కంటే ఇదే ముఖ్యం, ఎందుకంటే ఆ రెండు నెలల్లోనే ఓ పండగ వస్తుంది, చుట్టాలొస్తారు, అరిసెలు వండుతారు, అవన్నీ కాస్త కాస్త తింటూనే బరువు కిలో కంటే పెరగకుండా చూసుకోవడం అప్పుడే అలవాటవుతుంది. ఆ తర్వాత ఇంకో నాలుగు. ఏడాదిన్నర పట్టనివ్వండి, పెళ్లి తేదీ ఏమీ లేదు కదా.

అన్నం మానొద్దు, కొలత మార్చండి. రెండు కప్పులు తినేవారైతే ఒకటి, కంచంలో సగం కూరలూ ఆకుకూరలూ, పక్కన పప్పో గుడ్డో చేపో. కంచంలో సగం కూరగాయలూ పళ్లూ ఉండాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా చెబుతోంది. వైజాగ్‌లో ఉండి చేపకు వెనకాడొద్దు, వంజరమే కానక్కర్లేదు, హార్బర్‌లో ఆ రోజు చవగ్గా దొరికింది తెచ్చుకుని వేపుడు కాకుండా పులుసు పెట్టుకోండి, చెంచా నూనె అంటేనే 45 కేలరీలు. పొద్దున మజ్జిగ కలిపిన చోడి (రాగి) అంబలి మంచిదే. పళ్లరసం మాత్రం వద్దు, పండే తినండి. టీలో రెండు చెంచాల పంచదార, రోజుకు నాలుగు టీలు అయితే అక్కడే 160 కేలరీలు.

నడకకు బీచ్ రోడ్డు దాకా రానక్కర్లేదు, మీ వీధి చాలు, మన ఉక్కపోతకు తెల్లవారుజామునే మేలు. గంట నడిస్తే సుమారు 200 కేలరీలు ఖర్చవుతాయి, తిరిగొస్తూ ఒక ప్లేటు బజ్జీలు తింటే ఆ ఖర్చంతా వెనక్కొచ్చేస్తుంది. అయినా నడక మానొద్దు, తగ్గిన బరువు నిలబెట్టేది ఎక్కువగా అదే. బరువు తగ్గి ఏడాదికి పైగా నిలుపుకున్నవాళ్ల వివరాలు అమెరికాలో 1994 నుంచి నమోదు చేస్తున్నారు, వాళ్లలో చాలామంది రోజుకు దాదాపు గంటసేపు నడకో వ్యాయామమో చేస్తారు, వారానికి ఒకసారైనా బరువు చూసుకుంటారు. సింహాచలం గిరి ప్రదక్షిణకు 32 కిలోమీటర్లు నడిచే ఊరమ్మా మనది, రోజుకు నాలుగు కిలోమీటర్లు మీరు నడవగలరు. కండ కోసం రోజు విడిచి రోజు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి.

ఆదివారం పొద్దున్నే బరువు చూసుకోండి. రెండు కిలోలు పెరిగిందంటే ఆ వారమే కొలత సరిచేసుకోండి, పది పెరిగేదాకా ఆగొద్దు. థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. షుగరు మందులు వాడుతుంటే తిండి తగ్గించే ముందు డాక్టరుగారిని అడగాలి, లేకపోతే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు.

సిగ్గు అన్నారు కదా. ‘మళ్లీ ఇలా అయిపోయావేంటి’ అని ఎవరైనా అంటే జవాబు చెప్పాల్సిన పని మీకు లేదు. పేరంటాలకు, పెళ్లిళ్లకు ఇప్పుడే వెళ్లండి, తగ్గాక వెళ్దామని ఆగొద్దు.

ప్రశ్న: ఇంజక్షన్లతో సులువుగా తగ్గొచ్చంటున్నారు. తీసుకోవచ్చా? (ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: డాక్టరు చూసి రాస్తేనే, బాబూ. సెమాగ్లుటైడ్ లాంటివి ఆకలి తగ్గిస్తాయి, బరువు నిజంగానే తగ్గుతుంది. కానీ ఒక పరిశోధనలో మందు ఆపిన ఏడాదికి, తగ్గిన దాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. మొదటి సూది వేయించుకునే ముందే, ఎన్నాళ్లు వాడాలి, ఆపాక ఏం చేయాలి, ఖర్చెంత అన్నది డాక్టరుగారిని కూర్చుని అడగండి.