కుక్క చేత మాట్లాడించకు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మూకీల కాలపు హాలీవుడ్ తార అయిన కుక్క రిన్ టిన్ టిన్ జీవితం మీద నువ్వు పంపిన రాతప్రతి చదివాను. ఎంతో కష్టపడ్డావు. ఒక్కటి మాత్రం మార్చమ్మా. ‘నా యజమాని కోసం ప్రాణమిస్తాను’ అని కుక్క చేత అనిపించావు. అది అలా అనుకుందో లేదో మనకు తెలియదు. ఏం చేసిందో మాత్రం తెరమీద ఉంది. 1925లో వచ్చిన ‘క్లాష్ ఆఫ్ ది వుల్వ్స్’ మళ్లీ చూడు. అందులో దానిది తోడేళ్ల గుంపు నాయకుడి వేషం. పాదంలో ముల్లు దిగాక కుంటుతూ నడిచే ఆ నడక చూసి, చూసింది చూసినట్టు రాయి. చదివేవాళ్లకు ఆ నొప్పి నువ్వు చెప్పకుండానే తెలుస్తుంది.

ఆ పని ఎలా జరిగేదో కూడా చెప్పు. మూకీల్లో దాని యజమాని లీ డంకన్ కెమెరాకు అందని చోట నిలబడి కుక్కకు నోటితోనే ఆజ్ఞలిచ్చేవాడు. ఆ గొంతు ప్రేక్షకులకు వినబడే ప్రశ్నే లేదు. టాకీలు రాగానే ఆ వీలు పోయింది. కుక్కలు మాట్లాడవు కదా అని దాని సినిమాలు తీసిన వార్నర్ బ్రదర్స్ సంస్థ 1929లో దాన్ని వదులుకుంది.

తొలి ఆస్కార్‌లో ఉత్తమ నటుడిగా దానికే ఎక్కువ ఓట్లు పడ్డాయన్న మాటకు గట్టి ఆధారం లేదు. 1932 ఆగస్టులో హాలీవుడ్ నటి జీన్ హార్లో ఒడిలో ప్రాణం విడిచిందన్నదీ అంతే. రెండూ తీసెయ్. ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

అసలు కథ డంకన్ దగ్గర ఉంది. అతన్ని నాలుగు వాక్యాల్లో తేల్చేశావు. తండ్రి వదిలేసి పోతే, తల్లి సాకలేక అనాథాశ్రమంలో చేర్చిన పిల్లవాడతను. 1918 సెప్టెంబరులో, అమెరికన్ సైనికుడిగా, ఫ్రాన్స్‌లోని ఫ్లిరేలో బాంబులకు కూలిన కుక్కల కొట్టంలోకి వెళ్లాడు. అక్కడ ఒక తల్లి కుక్క, ఇంకా కళ్లు తెరవని దాని పిల్లలు. తనకని ఉంచుకున్న రెండు కూనలకు, ఫ్రెంచి వాళ్లు అదృష్టం కోసం దగ్గర పెట్టుకునే బొమ్మల పేర్లు పెట్టాడు: రిన్ టిన్ టిన్, నానెట్. అమెరికా చేరాక నానెట్ న్యుమోనియాతో చచ్చిపోయింది. మిగిలిన ఆ ఒక్కదాన్ని అతను ఎందుకంత గట్టిగా పట్టుకున్నాడో ఈ వరుసలోనే తెలిసిపోతుంది. పైన వ్యాఖ్యానం అక్కర్లేదు.

అనాథాశ్రమం నుంచి ఫ్లిరే దాకా ఒక అధ్యాయంగా రాసి పంపు. పారిస్ పక్కన అస్నియేర్‌లో ఉన్న రిన్ టిన్ టిన్ సమాధి గురించి రాసిన పేజీ మాత్రం చక్కగా కుదిరింది, దాన్ని ముట్టుకోకు.